చిన్న ట్యాంకులో ఏ బల్లిని పెంచొచ్చు? ముందు ట్యాంకు కొలవండి

నా ట్యాంకు పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 45, ఎత్తు 40. అందులో చుక్కమ్మ ఒక్కతే ఉంటోంది, నా దగ్గరికి వచ్చి 11 ఏళ్లయింది. చుక్కమ్మ లెపర్డ్ గెకో, అంటే చిరుత మచ్చల బల్లి. నేనిది రాస్తుంటే రాతిపలక కింద నుంచి తల మాత్రం బయటపెట్టి, కనురెప్పలు సగం వాల్చి ఇటే చూస్తోంది. ఆ ట్యాంకులో ఆమెకు ఏ లోటూ లేదు. కానీ ఆమెకంటే ముందు ఇంకో ప్రాణిని ఇంతకంటే చిన్న ట్యాంకులో పెట్టి చాలా బాధపెట్టాను. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదని ఇదంతా రాస్తున్నాను.

అది గ్రీన్ ఇగ్వానా పిల్ల. తోకతో కలిపి జానెడు పొడవు, చిగురాకు రంగు. అమ్మినతను "ట్యాంకును బట్టే పెరుగుతుంది, ఏం భయం లేదు" అన్నాడు. నమ్మాను. ఏ బల్లీ ట్యాంకును బట్టి పెరగదు. సరిగ్గా తిండి పెడితే దాని జాతి ఎంత పెరగాలో అంతా పెరుగుతుంది. పెరగలేదంటే ఒంట్లో ఏదో దెబ్బతిందని అర్థం. ఏడాది తిరిగేసరికి దాని తోక ట్యాంకు మూలలో మడత పడి ఉండేది. ముక్కును అద్దానికి రాసీ రాసీ పైపెదవి మీద పుండు చేసుకుంది. రోజూ మందు రాసేదాన్ని, అది రోజూ మళ్లీ అద్దానికేసి రాసుకునేది. పెద్దయిన ఇగ్వానా ఒకటిన్నర మీటర్లు దాటుతుంది, దానికి కావలసింది ఒక గదంత చోటు. చివరికి అలాంటి చోటున్న, ఇగ్వానాలు పెంచడం బాగా తెలిసిన ఒకావిడకు అప్పగించాను. ఖాళీ ట్యాంకు చాలా నెలలు అలాగే ఉంది. ఆ నెలల్లోనే చదివాను, కొలిచాను, పెంచేవాళ్లను అడిగాను.

అప్పుడు నాకు తెలిసిందేమిటంటే, బల్లి ట్యాంకులో పట్టడం వేరు, బతకడం వేరు.

ట్యాంకును ఎలా కొలవాలి

ట్యాంకులు లీటర్ల లెక్కన, గ్యాలన్ల లెక్కన అమ్ముతారు. ఆ లెక్క చేపలకు పనికొస్తుంది కానీ బల్లులకు పెద్దగా పనికిరాదు. 20 గ్యాలన్ల ట్యాంకు, అంటే సుమారు 75 లీటర్లది, రెండు ఆకారాల్లో దొరుకుతుంది. ఒకటి 76 సెంటీమీటర్ల పొడవు, 30 ఎత్తు ఉండే పొడుగుది. రెండోది 61 పొడవు, 41 ఎత్తు ఉండేది. రెండింటిలో పట్టే నీళ్లు ఒకటే. నేల మీద తిరిగే బల్లికి మొదటిది ఎంతోకొంత నయం, రెండోదాంట్లో పైన ఉన్న ఖాళీ అంతా దానికి వృథా. కొమ్మలెక్కే బల్లికి లెక్క తిరగబడుతుంది. అందుకని టేపు తీసుకుని లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు విడివిడిగా రాసుకోండి. ఈ వ్యాసంలో చిన్న ట్యాంకు అంటే ఈ 75 లీటర్లదానికీ, నా దగ్గరున్న సుమారు 160 లీటర్లదానికీ మధ్యవి. ఎత్తు ట్యాంకులైతే 45 × 45 × 60 వరకూ.

తర్వాత పాత న్యూస్‌పేపర్ తీసుకుని, మీరు అనుకుంటున్న బల్లి పెద్దయ్యాక ఎంతుంటుందో అంత బొమ్మ గీసి కత్తిరించండి. ముక్కు నుంచి తోక కొస దాకా. దాన్ని ట్యాంకు అడుగున పరచండి. పక్కన నీళ్ల గిన్నె పెట్టండి, దాక్కునే గూళ్ల బదులు మూడు డబ్బాలు పెట్టండి. ఇప్పుడు ఆ కాగితపు బల్లి ఎటు నడవగలదో చూడండి. నడవడానికి చోటే మిగల్లేదంటే ఆ జాతిని పక్కన పెట్టేయండి. నేను ఇగ్వానా తెచ్చినప్పుడు ఈ ఒక్క పని చేసుంటే సరిపోయేది.

చిన్న ట్యాంకుతో అసలు చిక్కు వేరే ఉంది. బల్లి ఒంట్లో మనకున్నట్టు వేడి పుట్టదు. వెచ్చటి చోటికి వెళ్లి తిన్నది అరిగించుకుంటుంది, చల్లటి చోటికి వచ్చి సేదతీరుతుంది. అంటే ట్యాంకులో ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉండి తీరాలి. 45 సెంటీమీటర్ల పొడవున్న పెట్టెలో ఒక పక్క ల్యాంపు పెడితే రెండో పక్క కూడా వేడెక్కిపోతుంది. నేను స్వయంగా చూశాను. ల్యాంపు కింద రాయి 33 డిగ్రీలు చూపిస్తుంటే, మధ్యాహ్నానికి అటు కొస 30కి చేరింది. బల్లి పారిపోవడానికి చోటేది? అదే ల్యాంపు 90 సెంటీమీటర్ల ట్యాంకులో పెడితే ఇటు 33, అటు 25 వచ్చింది. ఎనిమిది డిగ్రీల తేడా. చుక్కమ్మ రోజంతా ఈ తేడాలోనే బతుకుతుంది.

కాబట్టి బల్లి రాకముందే ఖాళీ ట్యాంకును మూడు రోజులు నడిపి చూడండి. కొస కొసకూ ఒక ప్రోబ్ థర్మామీటర్ ఉండాలి. రాయి ఉపరితలం వేడి చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కావాలి. ల్యాంపును, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్‌కు తగిలించాలి. ఇది మాత్రం మానకండి, థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ (ట్యాంకు అడుగున పరిచే వేడి పలక) బల్లి పొట్టను కాల్చేస్తుంది. కరెంటుతో వేడెక్కే రాళ్లని అమ్ముతుంటారు, వాటి జోలికే పోవద్దు. పొట్ట కాలుతున్నా బల్లి దాని మీద నుంచి లేవకపోవచ్చు. గుండ్రటి సూదితో తిరిగే థర్మామీటర్లు కూడా నమ్మదగినవి కావు, నా దగ్గరున్నది నాలుగు డిగ్రీలు తప్పు చూపించేది.

మీ గది ఎంత వేడిగా ఉంటుందో కూడా రాసుకోండి. ఏడాదిలో అన్నిటికన్నా వేడి రోజున మధ్యాహ్నం మూడింటికి ఆ మూల ఎంత ఉంటుంది? కింద చెప్పే బల్లుల్లో రెండింటి సంగతి ఆ ఒక్క అంకెతో తేలిపోతుంది.

లెపర్డ్ గెకో

మొదటిసారి పెంచేవాళ్లు ఎవరడిగినా నేను ముందు చెప్పేది దీని పేరే. ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాతి నేలల్లో పుట్టిన జాతి ఇది. పెద్దయితే 18 నుంచి 25 సెంటీమీటర్లు, బరువు ఎక్కువగా 50 నుంచి 80 గ్రాముల మధ్య. గోడబల్లిలా అద్దం ఎక్కలేదు, వేళ్ల కింద అంటుకునే మెత్తలు లేవు. గోడబల్లులకు లేని కనురెప్పలు దీనికున్నాయి. పడుకున్నప్పుడు కళ్లు మూసుకుంటుంది, అది చూడటం నాకిప్పటికీ ఇష్టం. సందెవేళ, తెల్లవారుజామున తిరుగుతుంది. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఈ ఆఖరి సంగతి రెండుసార్లు చదవండి. ఇవాళ పదేళ్ల పిల్ల కోసం కొంటే, ఆ పిల్ల చదువు ముగించుకుని ఇల్లు వదిలి వెళ్లాక కూడా బల్లి మీ దగ్గరే ఉంటుంది.

75 లీటర్ల పొడుగు ట్యాంకులో దీన్ని పెంచేవాళ్లున్నారు. నా మాట అడిగితే 90 × 45 నేల ఉన్నది తీసుకోమంటాను. మొదట్లో చుక్కమ్మను కూడా చిన్నదాంట్లోనే ఉంచాను. పెద్దదాంట్లోకి మార్చిన వారంలోనే రాత్రిళ్లు రాయి మీంచి కొమ్మ మీదికి, కొమ్మ మీంచి గూటి మీదికి తిరగడం మొదలెట్టింది. అంతకుముందు ఒకేచోట పడి ఉండటం దాని స్వభావమనుకున్నాను. కాదు, తిరగడానికి చోటు లేక పడి ఉండేది.

వేడి కొసన రాతి ఉపరితలం 32 నుంచి 34 డిగ్రీలు, చల్లటి కొస 24, 25. గూళ్లు మూడు కావాలి. పెంచేవాళ్లంతా హైడ్ అనేస్తారు. ఒకటి వేడి పక్క, ఒకటి చల్లటి పక్క, ఒకటి తేమది. చాలామంది వదిలేసేది ఈ తేమ గూడే. మూతకు బెజ్జం చేసిన ప్లాస్టిక్ డబ్బాలో తడి నాచు వేస్తే చాలు. దాని అవసరం నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

చుక్కమ్మ రెండో ఏట ఒకసారి కుబుసం విడిచింది. విడిచిన చర్మాన్ని ఈ బల్లులు తామే తినేస్తాయి, కాబట్టి ఎప్పుడు విడిచిందో చాలాసార్లు తెలియదు. వారం తర్వాత చేతిలోకి తీసుకుంటే, ముందరి కుడి కాలి చిటికెన వేలు మిగతా వేళ్లకంటే కాస్త లావుగా, ముదురు రంగులో కనిపించింది. భూతద్దంతో చూశాను. వేలి చుట్టూ తెల్లటి దారం చుట్టినట్టు ఎండిపోయిన పాత చర్మం, ఉంగరంలా బిగుసుకుపోయి ఉంది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డ మీద పావుగంట నిలబెట్టి, తడిపిన దూది పుల్లతో కొస నుంచి మొదలుకు కాకుండా మొదలు నుంచి కొసకు మెల్లగా దొర్లించాను. మూడు రోజులు చేస్తే ఊడింది. ఇంకో వారం ఆగితే రక్తం ఆగి వేలు ఊడిపోయేది. చాలా లెపర్డ్ గెకోలకు ఇలాగే వేళ్లు పోతాయి. ఆ రోజు నుంచి తేమ గూడు ఎండనివ్వలేదు. కుబుసం విడిచిన ప్రతిసారీ ఇరవై వేళ్లూ ఒక్కొక్కటిగా చూస్తాను.

రంగుల విషయంలో జాగ్రత్త. లెపర్డ్ గెకోల్లో వన్నెలను మార్ఫ్‌లంటారు. ఎనిగ్మా అనే మార్ఫ్‌కు పుట్టుకతో నరాల జబ్బు వస్తుంది. తల ఒరిగిపోతుంది, గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, పురుగు మీదికి దూకితే గురి తప్పుతుంది. లెమన్ ఫ్రాస్ట్ అనే మెరిసే పసుపు రంగుదానికి చర్మపు రంగు కణాల్లోంచే కణుతులు పుడతాయి. ఆ రంగుకూ ఆ కణుతులకూ ఒకే జన్యు ప్రాంతం కారణమని 2021లో వెలువడిన పరిశోధన తేల్చింది. అందం చూసి వీటిని కొంటే, ఇంకా పుట్టించమని చెప్పినట్టే. కొనకండి.

దీని దగ్గరి చుట్టమే పశ్చిమ ఆఫ్రికాకు చెందిన ఫ్యాట్ టెయిల్ గెకో. అదే ట్యాంకు సరిపోతుంది. తేమ మాత్రం ఎక్కువ కావాలి, గాలిలో 60, 70 శాతం. ఇంకాస్త బిడియం. రోజూ తేమ చూసే ఓపిక ఉంటే చక్కటి ప్రాణి.

క్రెస్టెడ్ గెకో

మీ ట్యాంకు పొడవుగా కాక ఎత్తుగా ఉంటే, మీ గది చల్లగా ఉంటే, ఇది. పసిఫిక్ సముద్రంలోని న్యూ కలెడోనియా దీవుల చెట్ల మీద బతికే జాతి. అంతరించిపోయిందనే అనుకుంటుంటే 1994లో మళ్లీ కనిపించింది. కళ్ల మీద వెంట్రుకల్లాంటి ముళ్ల వరస ఉంటుంది కానీ కనురెప్పలుండవు. కళ్లను నాలుకతో నాకి శుభ్రం చేసుకుంటుంది.

దీనికి 45 × 45 × 60 ట్యాంకు, నిండా కొమ్మలూ ఆకులూ కావాలి. తిండి తేలిక. దీనికోసమే తయారుచేసిన పొడిని నీళ్లలో కలిపి చిన్న గిన్నెలో, నేల మీద కాకుండా కొమ్మల ఎత్తులో పెడతారు. అప్పుడప్పుడు పురుగులు పెడితే ఇంకా మంచిది. బతికున్న పురుగులను ఇంట్లో ఉంచలేనివాళ్లకు ఇది పెద్ద ఊరట. సాయంత్రం ట్యాంకంతా నీళ్లు చల్లి, పగలు ఆరనివ్వాలి. ఎప్పుడూ తడిగా ఉంచితే బూజు పడుతుంది, బల్లి చర్మం చెడుతుంది.

ఇందాక రాసుకున్న గది అంకె ఇప్పుడు తీయండి. క్రెస్టెడ్ గెకోకు 22 నుంచి 26 డిగ్రీలు హాయి. 28 దాటి చాలాసేపు ఉంటే దానికి బాధ మొదలవుతుంది, ఇంకా పెరిగితే చనిపోతుంది. మీ గది ఏటా కొన్ని వారాలు 32 దగ్గర ఉంటూ, ఆ వేడిని తగ్గించే ఏర్పాటు లేకపోతే, ఎంత ముచ్చటేసినా దీన్ని తేవద్దు. చల్లటి ట్యాంకును ల్యాంపు పెట్టి వేడి చేయొచ్చు. వేడి ట్యాంకును చల్లబరచడం చాలా కష్టం. నా స్నేహితురాలి క్రెస్టెడ్ గెకో ఒక్క మధ్యాహ్నంలో పోయింది. ఆవిడ చేసిన తప్పల్లా ట్యాంకు మీదికి పడమటి ఎండ పడుతుందని గమనించకపోవడమే. అద్దాల పెట్టె మీద నేరుగా ఎండ పడితే లోపల వేడి నిమిషాల్లో పెరిగిపోతుంది. ఏ బల్లి ట్యాంకునైనా కిటికీ దగ్గర పెట్టకండి.

ఇంకో సంగతి. బెదిరితే ఇది తోక వదిలేస్తుంది, మళ్లీ మొలవదు. లెపర్డ్ గెకోకైతే మొలుస్తుంది, మొద్దుగా, ముందున్న అందం లేకుండా. తోక లేకపోయినా క్రెస్టెడ్ గెకో బాగానే బతుకుతుంది, కొనేటప్పుడు తోక లేదని దాన్ని కాదనకండి. అదే దీవుల గార్గాయిల్ గెకో కూడా ఇదే ట్యాంకుకు సరిపోతుంది. దాని తోక మళ్లీ వస్తుంది.

ఇంకా చిన్న ట్యాంకైతే

30 × 30 × 45 పెట్టె ఒక్కటే ఉందంటే మౌర్నింగ్ గెకోలను చూడండి. వేలెడంత పొడవు, తొమ్మిది పది సెంటీమీటర్లు. వీటిలో దాదాపు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి, పిల్లలు తల్లి నకలే. గుంపుగా ఉంచదగిన కొద్ది జాతుల్లో ఇదొకటి, ఆ పెట్టెలో మూడు నాలుగు హాయిగా ఉంటాయి. అయితే ఒక్కటి తెచ్చినా కొన్నాళ్లకు మంద అవుతుందని గుర్తుంచుకోండి. రెండేసి గుడ్లు ఆకు వెనకో అద్దం మూలనో అతికించి పెడుతుంది. వాటిని ఎప్పటికప్పుడు తీసేయాలి. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల మిల్లీమీటర్ల సందులోంచి జారిపోతుంది, కాబట్టి వైర్లు వెళ్లే బెజ్జాలన్నీ మూసేయండి. చేతిలోకి తీసుకునే ప్రాణి కాదు, చూసి ఆనందించడానికే.

పగలు తిరిగే బల్లి కావాలంటే గ్రీన్ అనోల్ ఉంది, 13 నుంచి 20 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్ల ఎత్తున్న మొక్కల ట్యాంకు కావాలి. మగది గొంతు కింది తిత్తిని ఎర్రగా చాచడం చూడముచ్చటగా ఉంటుంది. గిన్నెలో నీళ్లు పెడితే చాలావరకు తాగదు, ఆకుల మీది చుక్కలు నాకుతుంది. పగటి బల్లి కనుక యూవీబీ లైటు, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్నిచ్చే లైటు, తప్పనిసరి. మార్కెట్లోకి వచ్చేవాటిలో అడవి నుంచి పట్టినవి చాలా ఉంటాయి, అందుకే దీన్ని నేను గట్టిగా సిఫారసు చేయను.

యూవీబీ గురించి ఒక్క మాట. ఈ కిరణాల వల్లే బల్లి ఒంట్లో డీ3 విటమిన్ తయారవుతుంది, అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకలకు చేరదు. అద్దం ఈ కిరణాలను ఆపేస్తుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఎంత పడినా లాభం లేదు. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది కానీ యూవీబీ తగ్గిపోతుంది, ఏడాదికొకసారి మార్చాలి. లెపర్డ్ గెకోకు కూడా తక్కువ శక్తిది పెడితే మేలు. పెట్టకపోతే డీ3 కలిసిన కాల్షియం పొడి తప్పకుండా చల్లాలి.

చిన్నగా ఉన్నప్పుడు మోసపుచ్చేవి

బియర్డెడ్ డ్రాగన్ గురించే నన్ను ఎక్కువమంది అడుగుతారు. పిల్ల అరచేతిలో పడుతుంది, మనిషిని చూసి బెదరదు, దాన్ని చూసి కాదనడం కష్టం. ఏడాదిలో 45 నుంచి 60 సెంటీమీటర్లవుతుంది. 120 × 60 × 60 కంటే తక్కువలో ఉంచకూడదు. బ్లూ టంగ్ స్కింక్‌కూ అంతే చోటు. చైనీస్ వాటర్ డ్రాగన్ దాదాపు మీటరు పెరుగుతుంది. వెయిల్డ్ ఊసరవెల్లికి గాలాడే జాలీ పంజరం, మీటరు పైన ఎత్తు కావాలి. ఉడుములు, టెగూలు, ఇగ్వానాల సంగతి చెప్పనక్కర్లేదు. టోకే గెకో సైజులో ఇమిడినా పట్టుకుంటే వదలకుండా కరుస్తుంది, పైగా అడవుల్లోంచి విపరీతంగా పట్టేస్తుండటంతో 2019లో దాన్ని, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో చేర్చారు.

"ఇప్పటికి ఇందులో ఉంచుదాం, పెరిగాక పెద్దది కొందాం" అనే మాట నేనూ అన్నాను. పెద్ద ట్యాంకు ఈరోజే ఇంట్లో ఉంటేనో, దానికి చోటు ఇప్పుడే ఖాళీగా ఉంటేనో ఆ మాటకు అర్థముంది. లేకపోతే అనకండి.

ఇక చట్టం. ఏ జాతిని పెంచొచ్చో, దేనికి అనుమతి కావాలో దేశానికో తీరు. కొనేముందే మీ వన్యప్రాణి శాఖ నియమాలు చూసుకోండి. పెరట్లోనో పొలం గట్టునో కనిపించిన బల్లినీ తొండనూ పట్టి పెట్టెలో పెట్టొద్దు.

ఎదురుగా ఉన్న బల్లిని ఎలా చూడాలి

జాతి నిర్ణయమయ్యాక తొందరపడకండి. అమ్మకానికి ఉన్నచోట కనీసం అరగంట కూర్చోండి. పెంపకంలో పుట్టిన పిల్లేనా, ఏ తేదీన గుడ్డులోంచి వచ్చింది, ఇప్పుడు ఎన్ని గ్రాములు, ఆఖరిసారి ఎప్పుడు తింది అని అడగండి. బాగా చూసుకునేవాళ్లు వీటికి తడుముకోకుండా జవాబు చెప్తారు. అడవి నుంచి పట్టిందైతే ఒంట్లో పరాన్నజీవులు ఉండే అవకాశం ఎక్కువ, బెదురూ ఎక్కువ.

కళ్లు నిండుగా, తడిగా మెరుస్తుండాలి, లోపలికి పీక్కుపోకూడదు. కింది దవడ గట్టిగా, ఎముక తీరుగా ఉండాలి. మెత్తగా రబ్బరులా వంగితే కాల్షియం లోపంతో వచ్చే జబ్బు. కాళ్లు వణకడం, వంకర పోవడం కూడా అదే. నడిచేటప్పుడు పొట్ట నేల నుంచి లేవాలి. తుంటి ఎముకలు పైకి పొడుచుకు రాకూడదు. లెపర్డ్ గెకో తోక మొదలు దాదాపు మెడంత లావుండాలి, అదే దాని కొవ్వు నిల్వ. పుల్లలా సన్నబడిందంటే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి తెచ్చే పేగు జబ్బు కావచ్చు. దానికి నమ్మకమైన మందు లేదు, పక్క ట్యాంకుకూ అంటుకుంటుంది. అదే గదిలో అలాంటిది ఒకటున్నా నేను అక్కడ కొనను. మలద్వారం శుభ్రంగా ఉండాలి. వేళ్లు లెక్కపెట్టండి.

ఆ తర్వాత, మీ ఎదుటే ఒక పురుగు పెట్టమనండి. చుక్కమ్మను నేను ఎంచుకున్నది అలాగే. ఒకే తల్లి పిల్లలు నాలుగు, ఒక్కోటి ఒక్కో డబ్బాలో ఉన్నాయి. అన్నిటికంటే అందంగా ఉన్నది మూలన ముడుచుకుని కూర్చుంది, కీచురాయి కాలి మీదినుంచి పాకినా కదల్లేదు. చుక్కమ్మ తల పక్కకు తిప్పి పురుగును చూసింది. తోక కొస సన్నగా వణికించింది. రెండడుగులు వేసి ఆగింది. ఒక్క దూకుతో పట్టేసి, నమిలి, పెదాలు నాక్కుని నా వైపు చూసింది. ఒంటి మీద మచ్చలు మసకగా ఉన్నాయి, ఎవరూ మెచ్చుకునే రంగు కాదు. దాన్నే ఇవ్వమన్నాను.

మౌర్నింగ్ గెకోలు కాకపోతే, ఒక ట్యాంకుకు ఒక్కటే. రెండుంటే తోడుగా ఉంటాయని మనకనిపిస్తుంది. లెపర్డ్ గెకోలు, క్రెస్టెడ్ గెకోలు ఒంటరి జీవులు. మగవి రెండైతే చచ్చేదాకా పోట్లాడొచ్చు. ఆడవి రెండైతే పోట్లాట కనబడదు కానీ, ఒకటి వేడి చోటును ఆక్రమించి రెండోదాన్ని నెలల తరబడి ఆకలికి గురిచేస్తుంది. ఒకదాని మీద ఒకటి పడుకుంటే ప్రేమ కాదు, చోటు కోసం పోటీ.

ఇంటికి తెచ్చాక

బల్లుల వైద్యం తెలిసిన డాక్టరును తెచ్చాక వెతకొద్దు, తేకముందే వెతికి పెట్టుకోండి. మొదటి వారంలోనే రెట్ట పరీక్ష చేయించండి. ఇంట్లో ఇదివరకే బల్లి ఉంటే కొత్తదాన్ని మూడు నెలలు వేరే గదిలో ఉంచాలి. ఆ మూడు నెలలూ నేల మీద పేపర్ టవల్ వేయండి. రెట్ట ఎలా ఉందో కనిపిస్తుంది, ఇసుక మింగే ప్రమాదమూ ఉండదు.

పురుగు సైజు బల్లి రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పెట్టడానికి ఒక రోజు ముందు ఆ పురుగులకు కూరగాయ ముక్కలు మేపండి, పెట్టేటప్పుడు కాల్షియం పొడి అద్దండి. పిల్లలకు రోజూ, పెద్దవాటికి రెండు మూడు రోజులకొకసారి. తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రికి ట్యాంకులో వదలొద్దు, అవి నిద్రపోతున్న బల్లిని కొరుకుతాయి. మిణుగురు పురుగు ఒక్కటి కూడా పెట్టొద్దు. దాని ఒంట్లోని విషం పెద్ద బియర్డెడ్ డ్రాగన్‌ను కూడా చంపేస్తుంది. బయట పట్టిన పురుగుల్లో మందులు కొట్టినవి ఉండొచ్చు, వాటినీ నేను పెట్టను.

బల్లినో ట్యాంకు సామాన్నో ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాటి పేగుల్లో సాల్మొనెల్లా అనే, మనుషులకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. నీళ్ల గిన్నెను వంటగది సింకులో కడగకండి. ఐదేళ్లలోపు పిల్లలను ముట్టుకోనివ్వకండి.

మొదటి రెండు వారాలు మీరు కూడా ముట్టుకోకండి. తిండి, నీళ్లు పెట్టడం వరకే. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. చుక్కమ్మ ఐదు రోజులు తినలేదు, ఆరో రాత్రి తింది. రెండు వారాలు దాటాక రోజూ సందెవేళ ట్యాంకులో చెయ్యి చాపి పది నిమిషాలు కదలకుండా ఉంచేదాన్ని. మూడో వారంలో ఒకరోజు తనే వచ్చి వేలిని నాకి, అరచేతిలోకి ఎక్కింది. పైనుంచి చెయ్యి దించి పట్టుకోకండి. దానికి ఆకాశం నుంచి గద్ద దిగినట్టే ఉంటుంది.

ఒక గ్రాము తేడా చూపించే చిన్న తూకం కొనండి, ఒక పుస్తకం పెట్టండి. వారానికోసారి, అదే రోజు, అదే వేళకు తూచి రాయండి. పెద్ద బల్లి బరువు పదో వంతు తగ్గిందంటే, చూడటానికి బాగానే ఉన్నా, డాక్టరుకు చూపించాల్సిందే. చుక్కమ్మకు ఏడో ఏట గుడ్డు లోపల ఇరుక్కుంటే నాకు చెప్పింది ఈ పుస్తకమే. తిండి మానిందని తెలిసేలోపే మూడు వారాల అంకెలు పట్టి ఇచ్చాయి. మాది గురువారం సాయంత్రం. మొన్న 62 గ్రాములు.